ఈశాన్య వానలకు ముందు బండి నడిపేవారు చేతులకు, మణికట్లకు తీసుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాకు, ప్రకాశం జిల్లా తీర మండలాలకు అసలైన వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదకు పడుగుపాడు వద్ద రైలు మార్గం, కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి దెబ్బతిన్న సంగతి ఇక్కడివారు మరచిపోలేదు. అంతటి ఉపద్రవం రాని ఏడాదిలో కూడా ఈ మూడు నెలల్లో ఊరి రోడ్లు గుంతలు పడతాయి, నెల్లూరు అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి, హ్యాండిల్ గ్రిప్పులు తడిసి జారుతుంటాయి. జారే హ్యాండిల్‌ను మనిషి తెలియకుండానే మరింత గట్టిగా పట్టుకుంటాడు, క్లచ్‌ను, బ్రేకును మామూలుకంటే ఎక్కువసార్లు నొక్కుతాడు. అందువల్ల వేసవిలో కాస్త లాగినట్టు ఉండి ఊరుకున్న మణికట్టు నొప్పి నవంబరు నాటికి ముదురుతుంది. ఇది కేవలం బాధకు సంబంధించిన విషయం కాదు. తిమ్మిరెక్కిన వేళ్లు బ్రేకు లీవరును అందుకోవడంలో ఆలస్యం చేస్తాయి, తడి రోడ్డు మీద ఆ ఆలస్యానికి విలువ కట్టలేము. కాబట్టి చేతికి, బండికి చేయవలసిన సర్దుబాట్లన్నీ సెప్టెంబరులోనే ముగించుకోవడం మంచిది.

మొదట నొప్పి ఎక్కడ ఉందో, ఏ వేళ్లకు తిమ్మిరి వస్తున్నదో గమనించాలి. చేతులు లాగుతున్నాయని చెప్పినంత మాత్రాన వైద్యుడికి గానీ మెకానిక్‌కు గానీ ఏమీ తెలియదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతూ, రాత్రిపూట ఆ తిమ్మిరికి మెలకువ వచ్చి చేయి విదిలించుకుంటే తగ్గుతున్నట్లయితే, మణికట్టు లోపలి ఇరుకు దారిలో మీడియన్ నాడి నలుగుతున్నదని అనుమానించాలి. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం తిమ్మిరెక్కుతున్నట్లయితే అరచేతి మడమ (మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి కింది భాగం) మీద బరువు పడి అల్నార్ నాడి నొక్కుకుంటున్నదని భావించవచ్చు. హ్యాండిల్ మీద వాలి నడిపేవారికి వచ్చేది ఎక్కువగా ఇదే, అయితే మోచేతి దగ్గర అదే నాడి నలిగినా ఇలాగే ఉంటుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, పిడికిలి బిగించి చేతిని చిటికెన వేలివైపు వంచినప్పుడు సూటిగా నొప్పి పుడితే అది స్నాయువుల (కండను ఎముకకు కలిపే తాళ్ల వంటి భాగాల) వాపు. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ 1895లో వివరించినందున దానికి ఆయన పేరే స్థిరపడింది. ఉదయం లేవగానే వేలు మడతలో ఇరుక్కుని టక్కున తెరుచుకుంటే అది వేరే సమస్య, దానికి బండి మీద చేసే సర్దుబాట్లు అంతగా పనిచేయవు.

బండి నడిపేవారు చేతి నొప్పికి మొదట బామ్ కొంటారు, తర్వాత గ్లౌజులు కొంటారు, ఆ తర్వాత మాత్రలు మింగుతారు. లీవర్ల కోణం మాత్రం షోరూములో ఎలా బిగించి ఇచ్చారో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నా అభిప్రాయంలో పైసా ఖర్చు లేని ఈ సర్దుబాటుతోనే మొదలుపెట్టాలి. బండిని సమతలంగా సెంటర్ స్టాండు మీద నిలిపి, రోజూ కూర్చునే తీరులోనే కూర్చుని, వేళ్లు చాచి లీవర్ల మీద ఆనించండి. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఒకే వాలు గీతలా ఉండాలి. వేళ్లు పైకి ఎత్తవలసి వస్తే లీవరు ఎత్తుగా ఉందని, మణికట్టు కిందికి ముడుచుకుంటే అది మరీ దించి ఉందని అర్థం. లీవరు క్లాంపు బోల్టులను కొద్దిగా వదులు చేసి తగినంత తిప్పి మళ్లీ బిగించడానికి ఏ వీధి చివరి మెకానిక్‌కైనా పది నిమిషాలు చాలు. డిస్కు బ్రేకు ఉన్న బండిలో లీవరుతో పాటు బ్రేకు ఆయిల్ డబ్బా కూడా తిరుగుతుంది కాబట్టి ఎక్కువ కోణానికి తిప్పకూడదు. పని అయ్యాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, కేబుళ్లు, వైర్లు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకున్న తర్వాతే రోడ్డెక్కాలి.

క్లచ్ బరువుగా ఉందని చాలామంది ఆ మోడలే అంత అనుకుంటారు. అత్యధిక సందర్భాలలో తప్పు కేబులుదే. లోపలి తీగ పోగులు తెగినా, పైతొడుగులోకి నీరు, దుమ్ము చేరి తుప్పు పట్టినా, కేబులు ఎక్కడైనా పదునుగా మడత పడినా, లీవరు లాగడానికి మరింత బలం కావలసి వస్తుంది. ఆ బలమంతా మణికట్టు లోపలి స్నాయువుల మీదనే పడుతుంది. వానల ముందు కేబులును విప్పించి నూనె పట్టించాలి, లీవరు తిరిగే పిన్నుకు గ్రీజు రాయించాలి, పోగులు లేచి ఉంటే కొత్త కేబులు వేయించాలి. దీనికి అయ్యేది కొన్ని వందల రూపాయలే. లీవరు కొస దగ్గర ఉండవలసిన ఖాళీ కదలిక చాలా బండ్లలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండికి ఎంతో యజమాని పుస్తకంలో చూసి దాని ప్రకారమే పెట్టించండి. యాక్సిలరేటర్ కేబులుకు కూడా ఇదే శ్రద్ధ అవసరం, ఎందుకంటే వదిలినప్పుడు తనంతట తాను వెనక్కి తిరగని గ్రిప్పును కుడిచేయి రోజంతా పట్టి తిప్పుతూనే ఉంటుంది. రైలు గేటు దగ్గర, ఒంగోలు కర్నూలు రోడ్డు సిగ్నళ్ల దగ్గర గేరులో ఉంచి క్లచ్ పట్టుకుని నిలబడే అలవాటును మానుకుని న్యూట్రల్ చేసుకుంటే ఎడమచేతికి రోజుకు ఎంత విశ్రాంతి దొరుకుతుందో కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.

గుంతలో పడినప్పుడు ఆ దెబ్బ మణికట్టు దాకా రావడానికి ముందు టైరు, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి కుదుపును పీల్చే గొట్టాలు), కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) అనే మూడు అడ్డంకులు ఉంటాయి. టైరులో గాలి అవసరానికి మించి నింపినా, ఫోర్కుల సీళ్లు కారి ఆయిల్ తగ్గినా, కోన్‌సెట్ అరిగి హ్యాండిల్ టకటకమని కొడుతున్నా, గుంత తాకిడి నేరుగా చేతికే చేరుతుంది. గాలి ఒత్తిడిని బండి చల్లగా ఉన్నప్పుడు, వారానికోసారి చూసుకోవడం మేలు. గ్రిప్పులు నునుపుగా అరిగిపోయి ఉంటే మార్చాలి. వాటి మీద తొడిగే చవక స్పాంజి తొడుగులు మాత్రం వానలో నీరు పీల్చి గ్రిప్పు మీదే గిర్రున తిరుగుతాయి, పైగా హ్యాండిల్‌ను లావు చేసి చిన్న చేతులవారికి పట్టును కష్టం చేస్తాయి కాబట్టి వాటిని తీసివేయడమే మంచిది.

కంపనం విషయాన్ని మనవాళ్లు తేలికగా తీసుకుంటారు. ఒకే సిలిండరు ఉన్న ఇంజను నిమిషానికి 6,000 సార్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 100 సార్లు హ్యాండిల్ అదురుతుంది. ప్రతి బండికీ ఏదో ఒక వేగంలో ఈ అదురు బాగా పెరుగుతుంది. జాతీయ రహదారి మీద కావలి నుంచి ఒంగోలు దాకా అదే వేగంలో వెళ్లేకంటే కొంచెం తగ్గించి వెళితే చేతులకు తేడా తెలుస్తుంది. హ్యాండిల్ చివరల్లో ఉండే బరువు దిమ్మెలు ఈ అదురును తగ్గించడానికే అమర్చినవి. బండి పడినప్పుడు ఊడిపోయిన దిమ్మెను తిరిగి వేయించనివారే ఎక్కువ. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పగలంతా జాక్‌హ్యామర్ పట్టి సాయంత్రం బండి మీద ఇంటికి వెళ్లేవారి పరిస్థితి మరీ జాగ్రత్తగా చూడవలసినది, ఎందుకంటే పనిముట్టు కంపనం, బండి కంపనం రెండూ ఆ చేతుల మీదనే పడతాయి. ఐరోపా సమాఖ్య 2002లో చేసిన నిబంధన ఎనిమిది గంటల పనికి చేతి కంపనం సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటగానే యజమాని చర్యలు తీసుకోవాలని, 5 మీటర్లు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదని చెబుతున్నది. కొలిచే సాధనం మన దగ్గర లేకపోయినా, పని దిగాక వేళ్లు తెల్లబారుతున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా అది వెంటనే వైద్యుడికి చూపవలసిన లక్షణమని క్వారీ కార్మికులు గుర్తుంచుకోవాలి.

కూర్చునే తీరు సరిగా లేకపోతే పైన చెప్పిన సర్దుబాట్లు సగమే ఫలిస్తాయి. శరీరపు బరువు పిరుదులు, తొడలు, కాళ్లు మోయాలి, మోకాళ్లు ట్యాంకును తాకుతూ ఉండాలి, మోచేతులు కొద్దిగా వంగి వదులుగా ఉండాలి. యాక్సిలరేటర్‌ను మూసి ఉన్నప్పుడే మణికట్టు కిందికి దిగి ఉంటే, తిప్పేకొద్దీ ఇంకా దిగిపోతుంది. అందువల్ల మొదట పట్టుకునేటప్పుడే మణికట్టును కాస్త పైకి ఉంచి, మామూలు వేగానికి వచ్చేసరికి అది తిన్నగా ఉండేలా చూసుకోవాలి. హ్యాండిల్‌కు సంచులు తగిలించడం, పాలక్యాన్లను ఒకే వైపు వేలాడదీయడం, రొయ్యల చెరువులకు మేత బస్తాలు తీసుకువెళ్లేటప్పుడు ట్యాంకు మీద ఒక బస్తా పెట్టుకుని మోచేతులు బయటికి చాచి నడపడం, ఇవన్నీ మణికట్టును వంకర కోణంలో గంటల తరబడి ఉంచే అలవాట్లే. వెనుక కూర్చున్నవారు బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు వాలితే ఆ బరువు కూడా నడిపేవారి అరచేతుల మీదకే వస్తుంది. కడ్డీ పట్టుకోమని వారికి చెప్పడానికి మొహమాటపడకూడదు. ముప్పావుగంటకోసారి ఆగి, వేళ్లు వెడల్పుగా చాచి, నెమ్మదిగా పిడికిలి మూసి తెరవడం చాలు. నొప్పి పుట్టేదాకా మణికట్టును వెనక్కి వంచే వ్యాయామాలు వాపు ఉన్నప్పుడు కీడే చేస్తాయి. ఆగిన ఆ ఐదు నిమిషాలూ బొటనవేలితో ఫోను తిప్పుతూ గడిపితే అది విశ్రాంతి కాదు.

వాన పడుతున్న రోజున తోలు గ్లౌజులు తడిసి బిగుసుకుంటాయి, ఆరాక గట్టిపడతాయి. సరిపడా కొలత ఉన్నవాటిని, మణికట్టు పట్టీ నాడిని నొక్కనంత వదులుగా వేసుకోవాలి. మెత్త మరీ మందంగా ఉన్నవి హాయిగా అనిపించినా హ్యాండిల్ తెలియక ఇంకా గట్టిగా పట్టుకునేలా చేస్తాయి. మెత్త ఉండవలసిన చోటు అరచేతి మడమ. లోపల పలుచని రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చేతులు తడవవు, చలికి మొద్దుబారవు. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు, దోర్నాల నుంచి శ్రీశైలం వైపు నల్లమల ఘాట్లలో దిగేటప్పుడు వేళ్లతో బ్రేకును పట్టుకునే ఉండకుండా, ఇంజను ఆపకుండానే గేరు తగ్గించి, ఇంజనే బండి వేగాన్ని అదుపు చేసేలా దిగాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు ఉమ్మడి బ్రేకు వ్యవస్థ తప్పనిసరి చేశారు. అలాంటి మోటారు సైకిళ్లలో కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది కాబట్టి నొప్పి ఉన్న చేతికి ఆ మేరకు భారం తగ్గుతుంది. స్కూటర్లలో ఆ పని ఎడమచేతి లీవరు చేస్తుంది, అందువల్ల ఎడమ మణికట్టు నొప్పి ఉన్నవారికి క్లచ్ లేని స్కూటరే మేలని గుడ్డిగా చెప్పలేము.

బండి మీద నెట్టివేయరాని కారణాలు కూడా ఉన్నాయి. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం ఉన్నవారికి మణికట్టులో నాడి సులభంగా నలుగుతుంది. రెండు చేతుల కీళ్లూ ఉదయం గంటకు పైగా బిగుసుకుని ఉంటే కీళ్లవాతం పరీక్షలు అవసరం. వానల తర్వాత దోమలతో వచ్చే చికున్‌గున్యా తగ్గాక కూడా మణికట్టు, వేళ్ల నొప్పులు నెలల తరబడి ఉండవచ్చు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో బోరు నీటి ఫ్లోరైడు నేటికీ సమస్యే. ఆ ఊళ్లవారికి చేతి తిమ్మిరితో పాటు మెడ, నడుము కూడా బిగుసుకుంటే వెన్నెముకను కూడా పరీక్షించమని వైద్యుడిని అడగాలి. కనిగిరి ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని రోజూ మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేయగలవు కాబట్టి, బీపీ, షుగరు ఉన్నవారు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోకుండా వాటి జోలికి వెళ్లకూడదు.

తడి రోడ్డు మీద బండి జారినప్పుడు మనిషి చేయి చాచి నేలకు ఆనిస్తాడు. ఆ తాకిడికి మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగవచ్చు. వాపు పెద్దగా లేకపోయినా, బొటనవేలిని పైకెత్తినప్పుడు దాని మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, బెణుకు అని వదిలివేయకూడదు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఈ ఎముక విరిగినట్లు కనిపించకపోవచ్చు. అందుకే వైద్యులు కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే ఎంఆర్‌ఐ చేయిస్తారు. ఈ ఎముకకు రక్తం అందే తీరు వల్ల ఆలస్యమైతే అతకకుండా మిగిలి, కొన్నేళ్లకు కీలే అరిగిపోవచ్చు. మన వైపు చాలామంది నేరుగా పుత్తూరు కట్టుకు (ఎముక విరిగినవారికి వేసే నాటు కట్టుకు) బయలుదేరుతారు. ఎవరి నమ్మకం వారిదే కానీ, ఈ ఒక్క ఎముక విషయంలో ఎముకల వైద్యుడు చూసి ఎక్స్‌రే తీయించకముందు ఏ కట్టూ కట్టించుకోవద్దు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగాలు ఉన్నాయి.

నాడి నలిగినట్లు తేలితే మొదట రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీని కొన్ని వారాలు వాడమంటారు. తగ్గకపోతే ఇంజక్షను, నాడీ వహన పరీక్షలో (నాడిలో సంకేతాలు ఎలా సాగుతున్నాయో చూసే పరీక్షలో) దెబ్బ ఎక్కువని తెలిస్తే చిన్న శస్త్రచికిత్స చేస్తారు. బొటనవేలి కింది కండ పలచబడుతున్నవారు, చేతిలోని వస్తువులు జారిపోతున్నవారు పట్టీలతో కాలం గడపకూడదు. చికిత్స అయ్యాక ఎప్పుడు బండి ఎక్కవచ్చో వైద్యుడు చెప్పాక కూడా, ఇంజను ఆపి నిలిపిన బండి మీద కూర్చుని క్లచ్‌ను, ముందు బ్రేకును పూర్తిగా లాగి పట్టుకోవడం పదేపదే చేసి చూడాలి. నొప్పి లేకుండా, పట్టు జారకుండా అది చేయగలిగితే మొదట వాన లేని పగటి వేళ, దగ్గరి దూరాలకే వెళ్లాలి. చేయలేకపోతే ఆ వారం కూడా బస్సు ఎక్కడమే సరైన పని.