స్కూల్ బ్రోషర్‌కి పిల్లల ఫోటోలు తీయాలా? ముందు "స్మైల్ ప్లీజ్" మానేయండి

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, ఊళ్లో ప్రతి కరెంటు స్తంభానికీ ఓ స్కూల్ ఫ్లెక్సీ వేలాడుతుంది. అన్నింట్లోనూ అదే బాబు, అదే గ్లోబు. నేనూ ఆ పాపం చేసినవాణ్ణే. మొదట్లో ఒక స్కూల్లో నలుగురు పిల్లల్ని మైక్రోస్కోప్ చుట్టూ నిలబెట్టి తెగ నవ్వించి తీశాను, ఫ్లెక్సీ కట్టాక ఎవరో పేరెంట్ వచ్చి "స్లైడ్ ఏదండీ?" అని అడిగారు. స్లైడ్ పెట్టనే లేదు.

అప్పట్నుంచి నటన బంద్. ముందురోజే టైమ్‌టేబుల్ అడిగి తీసుకుంటాను. ల్యాబ్, డ్రాయింగ్, ఆటల పీరియడ్ ఎప్పుడో చూసుకుని, నిజంగా పని జరుగుతున్న చోటికే వెళ్తాను. లిట్మస్ కాగితం రంగు మారుతుంటే చూసే పిల్ల మొహంలో వచ్చేది మీరు ఎంత బతిమాలినా రాదు.

క్లాసులో అడుగు పెట్టగానే మాత్రం గోల తప్పదు. "అంకుల్, నన్ను తీయండి" అంటూ మీద పడతారు, వేళ్లతో వి గుర్తు పెడతారు. కసరకండి. అడిగిన ప్రతివాడికీ ఒకటి తీసి, స్క్రీన్ మీద చూపించి, ఓ మూల కూర్చోండి. పావుగంటో ఇరవై నిమిషాలో గడిచేసరికి మీరంటే విసుగొచ్చేసి, పక్కవాడి రబ్బరు లాక్కోవడంలో పడిపోతారు. మీ పని అక్కడ మొదలవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కళ్ల ఎత్తులోంచి తీయండి, పైనుంచి తీస్తే నడినెత్తి పాపిడి తప్ప ఏమీ కనిపించదు.

ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుగు సరిపోతే ట్యూబ్‌లైట్లు ఆపించండి, రెండు వెలుగులూ కలిస్తే మొహం ఒకవైపు పచ్చగా కొడుతుంది. ఆపడం కుదరకపోతే షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, అంతకంటే వేగంగా తీస్తే ఫోటోలో చారలొస్తాయి. పరుగులు, కబడ్డీ లాంటివి బయట పొద్దున్నో, లేదంటే చెట్టు నీడలోనో 1/500కి తీసుకోవచ్చు. తెల్ల యూనిఫాం రోజు ఇంకో తంటా: ఆ తెలుపు చూసి కెమెరా మొహాల్ని నల్లగా చేసేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుతురు, కాస్త పెంచండి. ఫోన్‌తో తీస్తుంటే మొహం మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకి జరపండి చాలు.

ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే మాత్రం వెంటనే తీసేయండి. పిల్లల రంగు మార్చే హక్కు మనకెవరిచ్చారు? "తెల్లగా ఉన్నవాళ్లని ముందు కూర్చోబెట్టండి" అనే పెద్దమనుషులు ఇప్పటికీ తగులుతారు. నేను విననట్టు ఊరుకుని, ఎవరి సీట్లో వాళ్లనే ఉంచి తీస్తాను.

ఇక అనుమతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, అదీ సరిచూసుకోగలిగేలా. కాబట్టి బ్రోషర్‌కా, ఫ్లెక్సీకా, ఇన్‌స్టాగ్రామ్‌కా అని విడివిడిగా రాసి సంతకం తీసుకోమని స్కూలుకి చెప్పండి. వద్దన్నవాళ్ల పిల్లల్ని బయటికి పంపకండి, పాపం వాళ్లేం చేశారు, మీరు నిలబడే వైపు వరుసలో కూర్చోబెడితే ఫ్రేమ్‌లోకి రారు. పెద్దవాళ్లు సంతకం పెట్టినా ఆ రోజు పిల్లాడు వద్దంటే వద్దనే. మెడలో ఐడీ కార్డులు చొక్కాలోపలికి తోయించండి, వాటి మీద పేరు, నాన్న ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి.

చివరగా, హెచ్ఎం గారికి అందరూ కెమెరావైపే చూసే ఫోటో ఒకటి కావాలి. వాదించకండి. వెళ్లగానే ఐదు నిమిషాల్లో అది తీసిచ్చేస్తే ఆఫీసు గోడకి ఎక్కుతుంది, మిగతా పూటంతా మిమ్మల్ని ఎవరూ కదిలించరు.