మోడల్ టీ వెనక యాక్సిల్‌లో ఆయిల్ ఎంత? వంచిన తీగతో చూడండి

ఫోర్డ్ మోడల్ టీ కారు (1908–27) ఉన్నవాళ్లకి తెలిసిన చికాకే: వెనక చక్రాల లోపలి వైపు జిడ్డు కారుతుంది, హ్యాండ్ బ్రేక్ జారిపోతుంది. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు మార్చే ముందు ఆయిల్ మట్టం చూడండి. చాలామంది యాక్సిల్‌లో ఆయిల్ పోసే రంధ్రం అంచు దాకా నింపేస్తారు, అది ఎక్కువ.

గట్టి ఇనుప తీగ తీసుకుని చివర ఒకటిన్నర అంగుళం (దాదాపు 4 సెం.మీ.) కిందికి వంచండి. రంధ్రంలోంచి లోపలికి పెట్టి, వంపుని రంధ్రం కింది అంచుకి ఆనించండి. తీగ కొసకి మాత్రమే ఆయిల్ అంటితే సరిపోయినట్టే.

పోయాల్సింది 600డబ్ల్యూ అని అమ్మే చిక్కటి ఆయిల్. తేనెలా మెల్లగా దిగుతుంది కాబట్టి డబ్బాని పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచి పోయండి, అరగంట ఆగి మళ్లీ తీగ పెట్టి చూడండి. గట్టి గ్రీజు మాత్రం వద్దు. గేర్ల పళ్లు దాన్ని కోసుకుంటూ తిరుగుతాయి, పక్కకి పోయిన గ్రీజు గోడలకి అతుక్కుని మళ్లీ పళ్ల మీదకి రాదు. గ్రీజు చోటు యూనివర్సల్ జాయింట్ (గేర్‌బాక్సుని వెనక యాక్సిల్‌కి వెళ్లే షాఫ్టుతో కలిపే కీలు). లోపల కంచు వాషర్లు ఉంటే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కూడా నేను పోయను, అందులోని గంధకం కంచుని తినే ప్రమాదం ఉంది. గేర్‌బాక్సుకి వేరే ఆయిల్ అక్కర్లేదు, ఇంజన్ ఆయిలే దానికీ అందుతుంది.

బండి సమతలంగా లేకపోతే ఈ కొలత పనికిరాదు. ఒక పక్క జాకీ ఎత్తితే ఆయిల్ యాక్సిల్ గొట్టంలోంచి రెండో చక్రం వైపు పారిపోతుంది, తీగ పొడిగా వస్తుంది.