ఉప్పులో ఊరిన సకురా పూలతో అన్నం

కాన్‌జాన్ లాంటి ముద్దరకం చెర్రీ పూలను ఉప్పులో, ఉమే అనే జపాన్ పుల్లకాయల ఊటలో ఊరబెట్టి ఆరబెడితే ఈ సకురా (జపాన్ చెర్రీ) పూలు తయారవుతాయి. తాజా పువ్వుకు వాసన దాదాపు ఉండదు. ఊరాకే కుమారిన్ అనే వాసన పదార్థం బయటపడి ఆ పరిమళం వస్తుంది.

300 గ్రాముల బియ్యానికి 20 పూలు చాలు. ఉప్పు దులిపి చన్నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, ఒక రేకు కొరికి చూడండి. ఇంకా కటిక ఉప్పగా ఉంటే నీళ్లు మార్చి మరో 5 నిమిషాలు ఉంచండి. గంటల తరబడి వదిలేస్తే ఉప్పుతోపాటు వాసనా పోతుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు. క్షారం ఎక్కువైతే గులాబీ రంగు నీలిమళ్లుతుంది.

సోనా మసూరి పొడిపొడిగా విడిపోతుంది. పొట్టి గింజ జపాన్ బియ్యమే దీనికి సరైనది. పూలు నానిన మొదటి నీళ్లు ఒక టేబుల్ స్పూను ఎసట్లో కలపండి, వేరే ఉప్పు అక్కర్లేదు. పూలను బియ్యంతో ఉడికించడమే అందరూ చేసే తప్పు: రంగు వెలిసి గోధుమ మచ్చలు పడతాయి. కుక్కర్ ఆపాక సగం పూలు తరిగి కలిపి, మిగతావి పైన పరిచి, 10 నిమిషాలు మూత పెట్టండి.

మిగిలిన పూలలో ఒకటి కప్పులో వేసి వేన్నీళ్లు పోయండి. ముడుచుకున్న రేకులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. జపాన్‌లో పెళ్లిళ్లలో ఇచ్చే సకురాయు ఇదే.

విశాఖ తేమకు ప్యాకెట్‌లోని ఉప్పు చెమ్మగిల్లుతుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా తగలనివ్వకండి.