బాక్సింగ్ పాఠాలు – 6: ఉన్న బరువు కేటగిరీలో పాతుకోవాలా, పైకి ఎక్కాలా?

పోయిన పాఠంలో ఇచ్చిన పని 14 రోజుల తూకం: పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, మంచినీళ్లు కూడా తాగకముందు, రోజూ ఒకే కాటా మీద. ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి.

ముందుగా 14 అంకెలనీ కూడి 14తో భాగించండి. వచ్చినదే మీ అసలు బరువు. ఆ రెండు వారాల్లో ఒక్కరోజు కనబడిన తక్కువ అంకెను పట్టుకుని అదే నా బరువు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. విజయనగరంలో మే నెల ఉక్కపోతలో గంటన్నర ప్రాక్టీసు చేస్తే లీటరుకు పైగా చెమట పోతుంది. కాటా కిలో తక్కువ చూపిస్తుంది. పోయింది నీరు, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంది.

మీ సగటు 59.6 కిలోలు అనుకుందాం. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో మగవాళ్ల కేటగిరీలు 51, 57, 63.5, 71, 80, 92, ఆపైన 92 దాటినవాళ్లది. ఆ జాబితా ప్రకారం మీరు 57కి 2.6 కిలోలు దిగాలి, లేదా 63.5లో 3.9 కిలోల తక్కువతో రింగులోకి వెళ్లాలి.

ఈ మెట్ల ఎత్తు సరిగ్గా అర్థం చేసుకోవాలి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 126 పౌండ్ల తర్వాత 130, 135, 140 ఉన్నాయి. 126 పౌండ్లంటే 57 కిలోల చిల్లర, 140 అంటే 63.5. అంటే అమెచ్యూర్ (ఒలింపిక్స్ తరహా) బాక్సింగ్‌లో ఆ పారిస్ జాబితా ప్రకారం మీరు ఎక్కే ఒక్క మెట్టు, ప్రొఫెషనల్‌లో మూడు మెట్లు. ఎనిమిది కేటగిరీల్లో ప్రపంచ టైటిల్ కొట్టిన మానీ పకియావోని చూపించి ఎక్కేయమనేవాళ్లు ఈ తేడా చెప్పరు. 1998లో 112 పౌండ్ల దగ్గర గెలిచిన పకియావో 154 పౌండ్ల టైటిల్‌కి చేరేసరికి 2010. పన్నెండేళ్లు పట్టింది. ఆ 154 పౌండ్ల టైటిల్ బౌట్‌కి (పోటీకి) కూడా కాటా మీద 144.6 పౌండ్లే తూగాడు. వేగం పోగొట్టే బరువు ఒంటికి పట్టనివ్వలేదు.

మన జిల్లాల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది, కాకపోతే అది వెయిట్‌లిఫ్టింగ్‌లో. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 69 కిలోల్లో. అయితే ఇనుము తిరిగి కొట్టదు. బాక్సింగ్‌లో కొత్త కేటగిరీ అంటే కొత్త మనిషి దెబ్బ కూడా.

పై కేటగిరీలో జరిగేది ఏమిటో చెప్తాం. 57లో మీ రైట్ (కుడిచేతి దెబ్బ) తగిలితే ఎదుటివాడు అరడుగు వెనక్కి జరిగేవాడు, ఆ సందులో మీ లెఫ్ట్ హుక్ (ఎడమచేత్తో పక్క నుంచి కొట్టే దెబ్బ) పడేది. 63.5లో అదే రైట్‌కి వాడు జరగడు. సందు దొరకదు, పైగా వాడి చెయ్యి అప్పుడే వస్తుంది. దెబ్బలో బలం తగ్గిందని మీరు ఇంకా గట్టిగా కొట్టబోతారు, భుజాలు బిగుసుకుంటాయి, మూడో రౌండ్‌కి చేతులు దిగిపోతాయి. పైకి ఎక్కి ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. చెయ్యాల్సింది బలం పెంచడం ఒక్కటే కాదు: కొట్టాక ఎడమకి ఒక అడుగు పక్కకి తప్పుకోవడం. ఎదుటివాడి చెయ్యి పొడుగు కాబట్టి జాబ్‌తో (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బతో) జాబ్ పోటీ మాని, తల కదిలిస్తూ లోపలికి వెళ్లి పొట్ట మీద కొట్టడం. 63.5 నుంచి 71కి ఎక్కేవాళ్లకి గ్లౌవ్ కూడా 10 ఔన్సుల నుంచి 12 అవుతుంది. ముందు నుంచే దానితో అలవాటు పడాలి.

ఎక్కాలనుకుంటే వారానికి పావు కిలో చాలు. 3.9 కిలోలకి దాదాపు 16 వారాలు. రోజుకి కిలో ఒంటికి 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన 60 కిలోల మనిషికి 96 గ్రాములు కావాలి. గుడ్డులో 6, 100 గ్రాముల చేపలో సుమారు 20, అంతే బరువు వేరుశనగ గుళ్లలో 25. పొద్దున్న చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ దానితోనే ప్రొటీన్ అయిపోయిందనుకోవద్దు. వారానికోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టండి. 2 కిలోలు పెరిగేసరికి నడుము 2 సెంటీమీటర్లు దాటి పెరిగితే అది కొవ్వు. తిండి తగ్గించి, స్క్వాట్లు, పుల్లప్‌లు పెంచండి.

దిగాలనుకుంటే వారానికి 400 గ్రాములు మించొద్దు. 2.6 కిలోలకి ఆరున్నర వారాలు. రాత్రి అన్నం సగం చేసి, కూర, పప్పు అలాగే ఉంచండి. ఆఖరి రెండు రోజుల్లో నీళ్లు మానేసి, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు. ప్రొఫెషనల్‌కి తూకం ముందురోజే అయిపోతుంది, తిరిగి నింపుకోవడానికి ఒక రోజుంటుంది. అమెచ్యూర్‌లో బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం. నాలుగు బౌట్లంటే నాలుగుసార్లు ఎండిపోవాలి. నీరు తగ్గిన ఒంటితో తలకి దెబ్బ తినడం అన్నిటికన్నా ప్రమాదం. ఒంట్లో నీరు లాగే మాత్రలు డోపింగ్ కిందకి వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లలకి మా మాట ఒక్కటే: దిగొద్దు. ఎత్తు పెరుగుతున్న ఒళ్లు ఎటు తీసుకెళ్తే ఆ కేటగిరీ.

ఒక్కోసారి నిర్ణయం మీ చేతుల్లో ఉండదు. 2012 లండన్‌లో ఆడవాళ్లకి ఉన్నవి మూడే: 51, 60, 75. అందుకే 48 కిలోల ప్రపంచ చాంపియన్ మేరీ కోమ్ 51కి ఎక్కి కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్, 2023లో 50 కిలోల్లో. పారిస్‌లో 52 లేదు మరి. అందుకే కేటగిరీ ఎంచుకునే ముందు మీరు ఆడబోయే పోటీ జాబితా తెచ్చుకోండి.

ఎక్కి తిరిగి దిగడం గురించి కూడా చెప్పాలి. రాయ్ జోన్స్ 2003 మార్చిలో 193 పౌండ్లతో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఎనిమిది నెలలకే 175కి దిగి ఆంటోనియో టార్వర్ మీద కష్టపడి గెలిచాడు. 2004 మేలో అదే టార్వర్ చేతిలో రెండో రౌండ్‌లోనే పడిపోయాడు. కూడగట్టుకున్న కండ కరిగించడం కొవ్వు కరిగించినట్టు కాదు.

ఉన్నచోటే ఉండడం తేలిక దారేమీ కాదు. మార్విన్ హాగ్లర్ 1980 నుంచి 1987 దాకా మిడిల్‌వెయిట్‌లోనే (160 పౌండ్ల కేటగిరీలోనే) ఉండి 12 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, బెర్నార్డ్ హాప్కిన్స్ 20 సార్లు. జిల్లా, రాష్ట్ర పోటీల్లో మీకు ఎదురయ్యేది ప్రతి ఏడూ అవే నాలుగైదు ముఖాలు. వాళ్ల ఫోన్లలో మీ బౌట్లు ఉంటాయి. సీజన్‌కి ఒక్క కొత్త దెబ్బయినా నేర్చుకోకపోతే మీ పాత దెబ్బలు వాళ్లకి కంఠతా వచ్చేస్తాయి.

వచ్చే పాఠానికి పని. బ్యాగ్ మీద 3 నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విశ్రాంతి. ఫోన్‌లో వీడియో తీయించి రౌండ్ రౌండ్‌కి దెబ్బలు లెక్కపెట్టండి. మొదటి రౌండ్‌లో 200 పడితే మూడోదాంట్లో 170 కన్నా తగ్గకూడదు. తగ్గితే ఇప్పుడప్పుడే ఎక్కే ఆలోచన పెట్టుకోవద్దు. తగ్గకపోతే కోచ్ ఎదుట, హెడ్‌గార్డ్, 16 ఔన్సుల గ్లౌవ్‌లతో, మీకన్నా 4 కిలోలు ఎక్కువున్న వాడితో రెండు రౌండ్లు స్పారింగ్ (సాధన కోసం ఆడే బౌట్) చెయ్యండి. క్లించ్‌లో (ఒకరినొకరు పట్టుకున్నప్పుడు) ఎవరు ఎవర్ని నెట్టారో, మీ జాబ్‌కి వాడు ఆగాడో లేదో, ఈ రెండే రాసుకుని రండి.