గల్ఫ్‌ల బైపాస్ అయి ఎండల్లో ఇంటికొస్తే

మా చిన్నబాపుకు దుబాయిల గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది. మే నెల ఎండల్లో జగిత్యాల దగ్గరి మా ఊరికి తీసుకొచ్చినం. అందరి భయం విమానం గురించే. అది సుళువుగనే దాటింది: ఎగరొచ్చని సర్జన్ రాసిచ్చిన కాగితం, ముందే చెప్పిపెట్టిన వీల్‌చైర్, నడవ పక్క సీటు, నడుమ నడుమ లేచి నాలుగడుగులు. తిప్పలన్నీ ఇంటికొచ్చినంకనే.

మొదటిది మంచం. ఆపరేషన్‌ల కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగిస్తరు. అది అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతది. చిన్నబాపేమో వాకిట్ల నులక మంచం మీదనే పంటనన్నడు. నులక నడుమ కుంగుతది, లేవాలంటే రెండు చేతులతో గుంజుకోవాలె. రెండో తెల్లారి లేస్తుంటే రొమ్ముల టక్కుమన్నది. డాక్టరు చూసి ఎముక కదల్లేదన్నదాక మాకు అన్నం పోలేదు. చెక్క మంచం వెయ్యండి. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి లేవాలె. దగ్గొస్తే దిండును రొమ్ముకు అదుముకోవాలె. చూడవచ్చినోళ్లు ప్రేమతో చెయ్యి పట్టి లేపబోతరు, ఆపండి. 4, 5 కిలోలకు మించి ఎత్తొద్దు. నీళ్ల బిందె వద్దు, మనుమడూ వద్దు. డాక్టరు సరేననేదాక బండి ముట్టొద్దు. కారుల వెనక సీటు, బెల్టుకూ రొమ్ముకూ నడుమ మడిచిన తువ్వాల.

మందుల దగ్గర తప్పు మాదే. అక్కడి డబ్బా మీద ఒక పేరు, ఇక్కడ కొన్న స్ట్రిప్ మీద ఇంకో పేరు. రెండిట్లోనూ గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మందే. మూడు రోజులు రెండూ వేసినం. నాడి బాగా తగ్గి, మనిషి తూలితే గానీ తెలవలేదు. పెద్దక్షరాల బ్రాండు కాదు, కింద సన్నగ రాసిన మందు పేరు చూడండి. డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులనే అడిగి తెచ్చుకోండి, యాంజియోగ్రాం సీడీతో సహా. వచ్చిన వారంలోపే ఇక్కడి గుండె డాక్టరుకు అవి చూపించాలె.

ఒళ్లు నొప్పులంటే మా ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది తీసిండు. మంచోడే, కానీ బైపాస్ అయినోళ్లకు ఆ సూది గుండెకూ కిడ్నీలకూ చేటు. నొప్పికి ఏం వాడాలో ఆపరేషన్ సంగతి తెలిసిన డాక్టరునే అడగాలె.

ఇగ ఎండ. 44, 45 డిగ్రీల్లో చెమట పోతుంటే, బీపీ గోళీలు, మూత్రం గోళీలు వేసుకునేటోళ్లకు బీపీ పడిపోయి కండ్లు తిరుగుతయి. అట్లని బిందెలకు బిందెలు తాగొద్దు, రోజుకెన్ని లీటర్లో డాక్టరుతో చెప్పించుకోండి. నడక పొద్దుగాల, మాపటీలి. అంబలి ఉప్పు లేకుండ. కొత్తావకాయ ఊరించే కాలమే ఇది, జాడీ అటకెక్కించండి. పొద్దున్నే బరువు చూడాలె. రెండు రోజుల్లో కిలోకు మించి పెరిగినా, ఆయాసం వచ్చినా ఫోన్ చెయ్యాలె. బైపాస్ కోసం నరం తీసిన కాలు కొంత వాస్తది, ఎత్తుమీద పెట్టుకోవాలె.

జ్వరం, కుట్టు నుంచి చీము, ఎముక టక్కుమనడం: ఆ రోజే ఆసుపత్రికి. రొమ్ముల బరువు, చెమట, ఊపిరాడకపోవడం: వెంటనే 108.

మా నులక మంచం గోడకు నిలబెట్టే ఉంది. బోనాలు అయ్యేదాక వాల్చనియ్యనని చిన్నమ్మ.