పాత నాణేన్ని తోమకండి

నాణేల సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పేది, చేతికొచ్చిన నాణేన్ని తోమొద్దని. నేనూ మొదట్లో ఒక వెండి నాణేనికి టూత్‌పేస్ట్ రాసి తళతళలాడేదాకా రుద్ది తెగ మురిసిపోయాను, తర్వాత భూతద్దంతో చూస్తే ఒళ్లంతా సన్నటి గీతలే. టంకశాలలో అచ్చు గుద్దినప్పుడు లోహం అంచుల వైపు పారి కంటికి ఆనని చారలు పడతాయి, నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే బండి చక్రం ఆకుల్లా వెలుగు తిరిగేది వాటి వల్లే. తోమితే ఆ చారలు అరిగిపోతాయి, ఇక తిరిగి రావు. నల్లబడిన వెండిని నల్లగానే ఉంచండి, అలా ఉన్నదానికే విలువ ఎక్కువ.

పాతదైతే అరుదైనదని కూడా అనుకోవద్దు. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి, అదే 1913 తేదీతో ఉన్న అమెరికా లిబర్టీ నికెల్ (ఐదు సెంట్ల నాణెం) మాత్రం ప్రపంచం మొత్తమ్మీద తెలిసినవి ఐదే. ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఈ మూడూ చూశాకే చెయ్యి జేబులోకి వెళ్లాలి.

గ్రేడింగ్‌కి, అంటే నాణెం ఎంత బాగుందో అంకె వేయడానికి, ఇప్పుడు ఎక్కువగా వాడేది 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేలు. 1949లో విలియం షెల్డన్ దీన్ని పాత అమెరికన్ పెద్ద సెంట్ల (ఒక సెంటు నాణేల) కోసం తయారుచేశాడు, 70 వచ్చిన నాణెం 1 వచ్చినదానికి డెబ్బై రెట్లు పలకాలన్నది అప్పటి లెక్క. ఆ లెక్క నిలవలేదు గానీ అంకెలు నిలిచిపోయాయి. 60, ఆపైన అంటే చేతులు మారి అరగని నాణెం. మీరే చూడాలనుకుంటే ట్యూబ్‌లైట్ వద్దు, ఒకే బల్బు వెలుగులో, కింద మెత్తటి గుడ్డ పరిచి, అంచులు మాత్రమే పట్టుకుని, ఐదు నుంచి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడాలి: బుగ్గ, చెవి పైన జుట్టు, పక్షి రొమ్ము. అక్కడ గీత మసకగా ఉంటే అరిగిందనే అనుకుంటాం, కానీ అచ్చు సరిగా పడకపోయినా అలాగే ఉంటుంది. తేడా మెరుపులో తెలుస్తుంది, అరిగితే ఆ చోట మెరుపు పోయి రంగు మారుతుంది, అచ్చు పడకపోతే మెరుపు ఉంటుంది. ఇది కంటికి అలవాటవడానికి టైమ్ పడుతుంది, కంగారు పడకండి.

నకిలీల టెన్షన్ ఉంటే ముందు తూకం వేయండి. ఉదాహరణకు పాత అమెరికా నాణెం మోర్గాన్ వెండి డాలరు 26.73 గ్రాములుండాలి, బాగా తేడా ఉంటే పక్కన పెట్టేయండి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు, అంటుకోకపోతే మాత్రం వెండేనని కాదు. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే పోత పోసిందేమోనని అనుమానించాలి.

ఇక దాచడం, ఎక్కువ నాణేలు పాడయ్యేది ఇక్కడే. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. కొనేటప్పుడే మైలార్ లేదా పాలీప్రొపిలీన్ అని చూసుకోండి. జిగురు పడిపోయిందా, స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి తీయండి, రుద్దకుండా, గాలి ఆడే చోట, మంటకు దూరంగా. గోళ్ల రంగు తుడిచే సీసాలో వేరేవి కూడా కలుస్తాయి, అది పనికిరాదు. రబ్బరు బ్యాండ్లలోనూ మామూలు అట్టపెట్టెల్లోనూ గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. ఓక్ చెక్క నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది కాబట్టి ఆ బీరువా ఎంత అందంగా ఉన్నా వద్దు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడేసి అప్పుడప్పుడూ మార్చండి, తేమ పోతే సగం బాధ పోయినట్టే. పాత కంచు మీద లేతాకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని వెంటనే మిగతావాటి నుంచి విడదీయండి, అది లోపలి నుంచి తినేస్తూ పోతుంది.

ప్రతి నాణేనికీ రెండు వైపులా ఫొటో, బరువు, ఎప్పుడు ఎంతకు కొన్నారో రాసుకోండి. ఆ పుస్తకాన్ని మాత్రం నాణేలున్న డబ్బాలో పెట్టకండి, దొంగ పడితే రెండూ ఒకేసారి పోతాయి.