దవడ కీలు నొప్పి: ఎక్కడ పట్టింది, ఏం చేయాలి

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద జారుతూ కదిలేదే దవడ కీలు. లోపల రెండు ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది. ఇప్పుడు మూడు వేళ్ళు కలిపి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా ముందుపళ్ళ మధ్య పెట్టండి. పట్టాయంటే నోరు సరిగ్గానే, అంటే 40 మిల్లీమీటర్ల పైనే తెరుచుకుంటోంది.

టక్కుమంటుంది, నొప్పి లేదు

డిస్క్ కొంచెం ముందుకు జారింది. నోరు తెరిచేటప్పుడు ఎముక మళ్ళీ దాని మీదకి ఎక్కుతుంది, ఆ చప్పుడే అది. మూడు వేళ్ళూ పడుతుంటే వైద్యం అక్కర్లేదు. ఇంకా వస్తోందా అని మాటిమాటికీ ఆడించి చూడకండి.

పొద్దున్నే బిగుసుకుపోతుంది, కణతలు నొప్పి

ఎక్కువమందికి ఉండేది ఇదే. తప్పు కీలుది కాదు, కండరాలది. రాత్రి పళ్ళు కొరకడం, పగలు తెలియకుండానే పళ్ళు బిగించడం కారణాలు. కడుపులో నులిపురుగుల వల్లే పళ్ళు కొరుకుతారని కొందరు అనుకుంటారు, కానీ పెద్దవాళ్ళకి నులిపురుగుల మాత్ర వేసినంత మాత్రాన ఇది తగ్గదు.

తినేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తగలకూడదు. ‘న’ అని ఆగండి, నాలుక అక్కడే ఉంచి పెదాలు మూయండి. పళ్ళు వాటంతటవే విడిపోతాయి. ఫోన్ చూసినప్పుడల్లా ఇలా సరిచూసుకోండి. వేడినీళ్ళలో పిండిన తువ్వాలు రోజుకి రెండుమూడుసార్లు, 15 నిమిషాలు బుగ్గకి కాపండి. రెండు వారాలు బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తులు, తేగలు, చెరకు వద్దు. చోడి (రాగి) అంబలి, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం చాలు. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

తగ్గకపోతే రాత్రి పళ్ళకి తొడిగే నైట్‌గార్డ్, కొలత తీసి చేసిన గట్టిది, పెట్టుకోవాలి. కొనుక్కొచ్చే మెత్తటి రకంతో కొందరు ఇంకా గట్టిగా కొరుకుతారు. ఈ నొప్పి కోసం పళ్ళు అరగదీస్తామంటే ఒప్పుకోకండి, అరిగిన పన్ను తిరిగి రాదు.

రెండు వేళ్ళే పడుతున్నాయి

ఇన్నాళ్ళూ టక్కుమన్న దవడ ఒకరోజు చప్పుడు ఆగి పట్టేసిందా? తెరిస్తే నొప్పి ఉన్న వైపుకి వంకరపోతోందా? డిస్క్ ముందుకి జారి అడ్డం పడింది. ఆలస్యం చేయకండి. ముందు ఫిజియోథెరపీ, లొంగకపోతే సూదులతో కీలు కడగడం ఉంటాయి. ఓపీజీలో, అంటే దవడ మొత్తం ఒకేసారి తీసే ఎక్స్‌రేలో, ఎముకే కనిపిస్తుంది, డిస్క్ చూడాలంటే ఎంఆర్ఐ కావాలి. విశాఖ రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీలాంటి చోట నోటి, దవడ శస్త్రచికిత్స విభాగంలో చూపించండి.

నోరు నెలల తరబడి నెమ్మదిగా మూసుకుపోతూ, కారం తగిలితే మంట పుడుతూ, బుగ్గ లోపల తెల్లటి పట్టీలు తగులుతుంటే అది కీలు జబ్బు కాదు. గుట్కా, వక్క వల్ల వచ్చిన బిగువు. క్యాన్సర్‌గా మారగలదు కాబట్టి ఈరోజే మానేయాలి, చూపించుకోవాలి. నోరు తెరుచుకోకపోవడంతో పాటు వాపు, జ్వరం ఉంటే జ్ఞానదంతం దగ్గర చీము అనుమానించాలి.

ఆవలిస్తే నోరు మూతపడలేదు

కీలు తప్పింది. బలవంతంగా మూయకండి, నేరుగా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి. వైద్యుడు బొటనవేళ్ళకి గుడ్డ చుట్టి, కింది దవడని కిందికి నొక్కి వెనక్కి తోస్తారు. ఎంత ఆలస్యమైతే కండరాలు అంత బిగుస్తాయి. తర్వాత కొన్ని వారాలు ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకోవాలి.

ఇవి కీలు నొప్పులు కావు

యాభై దాటినవాళ్ళకి నమిలితే దవడ నొప్పి, కణత నొప్పి, చూపు మసకా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. సింహాచలం మెట్లెక్కుతుంటే దవడ లాగి, కూర్చుంటే తగ్గిందంటే అది గుండె నొప్పి కావచ్చు. చెమటలు, ఆయాసం తోడైతే 108కి ఫోన్ చేయండి.